మూత దగ్గర ఎవరు?

జూన్ 3

తమ్ముడి కూతురికి,

కాపలా పెట్టిన చోట కళ్ళు మూసుకున్న మనిషిని ఏమనాలి? నువ్వే చెప్పు. నేను చెబితే పెదనాన్న నోరు మంచిది కాదంటావు. గ్రంథం తెరిచి చూపిస్తే గ్రంథాన్ని అడ్డం పెట్టుకుని తిడుతున్నాడంటావు. అందుకే నిన్నే అడుగుతున్నాను. కాగితం మీద జవాబు రాయి.

ఉత్తరాలు రాసే కాలం కాదని నాకూ తెలుసు. నీ ఫోన్ మూగబోయింది. నువ్వు ఆ ఊళ్ళో ఏదో హోటల్ లాండ్రీలో చేరావనీ, హాస్టల్లో ఉంటున్నావనీ మన పాలవ్యాను డ్రైవరు చెప్పాడు. వాడు ఆ హోటలుకి పాలు వేస్తాడట. నిన్ను చూసి పలకరిస్తే మొహం తిప్పుకున్నావట. పాలు పోసేవాడు నీకేం పాపం చేశాడు?

జరిగింది ఒకసారి గుర్తు చేస్తాను, మరిచిపోయావేమో. ట్యాంకులు కడగడం మన ఇంటి పని. మన ఇంటి పనికి ఒకటే కట్టడి. సంపులోకి ఒకరు దిగితే పైన మూత దగ్గర ఒకరు కూర్చోవాలి. లోపలివాడు నోరు మూయకూడదు, పాడుతూనే ఉండాలి. పైనున్నవాళ్ళు చెవి తీయకూడదు, వింటూనే ఉండాలి. గొంతు ఆగిందా, తాడు లాగాలి. మా నాన్న నాకూ మీ నాన్నకీ చెప్పింది ఇదే, మీ నాన్న నీకూ నీ తమ్ముడికీ చెప్పింది ఇదే. నీ తమ్ముడు దిగాడు. నడుముకి తాడు కట్టుకునే దిగాడు. తాడు రెండో కొస నీ చేతిలో ఉంది. పిల్లవాడు ఆ చెడ్డ గాలికి లోపలే కూలిపోయాడు. ఆ బిల్డింగు వాచ్‌మన్ నా మొహం మీదే చెప్పాడు: "ఆ అమ్మాయి మూత పక్కన కళ్ళు మూసుకుని కూర్చుందండీ, కునుకు తీస్తోంది అనుకున్నాను" అని.

ప్రభువు తోటలో చెమటోడుస్తుంటే పక్కనే గుర్రుపెట్టిన శిష్యుల సంగతి సమాధి దగ్గర ప్రసంగంలో నేను ఎత్తాను. ఎత్తుతాను కూడా. ఆ మాటకి నువ్వు తమ్ముడి సమాధి మీద మట్టి వెయ్యకుండా వెళ్ళిపోయావు. వెళుతూ వెళుతూ తాడు కూడా పట్టుకుపోయావు! ఆ తాడు కోసం మీ నాన్న ఇల్లంతా వెతుకుతున్నాడు. మంచం కింద, మోటారు వెనక, చివరికి బియ్యం డబ్బాలో కూడా.

ఆదివారం రా. సంఘం ముందు నిలబడి నిద్రపోయానని ఒప్పుకో. తాడు తెచ్చి ఇవ్వు. ఆ తరవాత ఏడుద్దువుగాని, ఆపను.

నిన్ను ఎత్తుకుని తిప్పిన
పెదనాన్న


జూన్ 8

పెదనాన్న గారికి,

నిద్రపోయానని మీరే తేల్చేశారుగా. నాలుగొందల మంది ఎదుట వేలు పెట్టి చూపించి మరీ తేల్చారు. తీర్పు అయిపోయాక ప్రశ్నలెందుకు?

రాను.

తాడు ఇవ్వను.

ఇక్కడ పని బాగానే ఉంది. దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు. ఒక్కో దుప్పటీ మడవడానికి ఇద్దరం కావాలి. ఒక కొస నేను పట్టుకుంటాను, ఇంకో కొస ఇస్త్రీ అక్క పట్టుకుంటుంది. ఆవిడకి ఎక్కువ మాట్లాడటం ఇష్టం ఉండదు. ఆవిరి యంత్రాల చప్పుడుకి మాట్లాడినా వినపడదు. మీకు ఇక్కడ చాలా హాయిగా ఉంటుంది, మీకెలాగూ ఎవరు చెప్పేదీ వినపడదుగా.

పాలవ్యాను అతని చేత నా మీద నిఘా పెట్టించకండి.

నాన్న తింటున్నాడా?

అంతే.


జూన్ 14

మొండి పిల్లకి,

నా చెవుల మీద పడ్డావన్నమాట. పడు. ఇనప ట్యాంకుల్లో కూర్చుని సుత్తితో తుప్పు కొట్టీ కొట్టీ పోగొట్టుకున్న చెవులివి. ఆ సుత్తి కూలితోనే మీ నాన్నని నలుగురిలో నిలబెట్టాను. మీ అమ్మ పోయినప్పుడు మీ ఇద్దరినీ ఈ భుజాల మీద వేసుకున్నాను. నాకు చదువు చెప్పిన పంతులు లేడు. గ్రంథంలో ఒక్కో అక్షరం వేలు పెట్టి కూడబలుక్కుని నేర్చుకున్నాను. చెవులు పోతే పోయాయి, కళ్ళున్నాయి. ఆ కళ్ళతో చూస్తున్నాను, నీ ఉత్తరంలో ఒక్క కన్నీటి చుక్క లేదు.

నాలుగొందల మంది అని రాశావు, సమాధి దగ్గరున్నది మన సంఘమే. అంతమంది మన ప్రార్థన గదిలో పడితే కింద టైర్ల కొట్టువాడి నెత్తిన స్లాబు కూలుతుంది. అబద్ధం చెప్పినా అందంగా చెప్పు.

మీ నాన్న తింటున్నాడో లేదో నీకెందుకు? కంచం ముందు కూర్చోబెట్టి వెళ్ళినట్టు అడుగుతున్నావు. పనికి మాత్రం వెళుతున్నాడు, మళ్ళీ సంపులు కడుగుతున్నాడు. తాడు లేక ఇబ్బందిగా ఉంది. అందుకే మళ్ళీ అడుగుతున్నాను, తాడు పంపు. బజారులో కొత్తది కొనుక్కోవచ్చుగా అంటావేమో. కొని ఇచ్చాను. ముట్టుకోలేదు. "నా తాడు నాకు కావాలి" అంటాడు. ఎవరికి పుట్టిన బిడ్డవో అర్థమవుతోంది.

అమ్మాయ్, ఒక్క మాట. పెద్ద చేప పొట్టలో పడిన ప్రవక్త కథ నీకు చిన్నప్పుడు చెప్పాను. దేవుడి మొహం చూడలేక ఓడెక్కి వేరే ఊరు పారిపోయినవాడు. వాడికేమైందో నీకు తెలుసు. లాండ్రీ ఆవిరిలో దాక్కుంటే ఆయనకి కనపడవనుకుంటున్నావా?

పంతం నీకే కాదు, నాకూ ఉంది.
పెదనాన్న


జూన్ 19

పెదనాన్న గారికి,

అప్పుడే సంపులు కడుగుతున్నాడా? ఎవరిని కూర్చోబెట్టారు మూత దగ్గర? మీ సంఘంలో ఏ పిల్లని బలి ఇవ్వడానికి తయారుచేశారు? మీరు చెబితే కాదనే ధైర్యం అక్కడ ఎవరికీ లేదని నాకు తెలుసు. అందుకే తాడు తెచ్చేశాను. తాడు లేకపోతే నాన్న దిగడు. తాడు లేకుండా దిగడం మన ఇంట్లో లేదు. మీరు ఎన్ని ఉత్తరాలు రాసినా అది నా పెట్టెలోనే ఉంటుంది. ఆ పని అక్కడితో ఆగిపోవాలి.

ఆ తాడుకి నడుము దగ్గర చుట్టిన గుడ్డ నేను కుట్టిందే. ఒరుసుకుని నడుమంతా కందిపోతోంది పోలీసక్కా అని తమ్ముడు గోల పెడితే నాన్న పాత లుంగీ చింపి చుట్టి కుట్టాను. "ఇప్పుడు రాజాలా ఉంది, దిగి పడుకుంటా లోపల" అన్నాడు. వాణ్ణి అందరూ రేడియో అని ఎందుకన్నారో మీకు తెలీదు కదా. మీ ముందు వాడు నోరు విప్పేవాడు కాదు. సంపులో దిగాడంటే వార్తలు చదివేవాడు. "ఈరోజు ముఖ్యాంశాలు. మూత దగ్గర కూర్చున్న పోలీసక్క మొహం మాడ్చుకుని ఉంది. నాచు ధరలు పెరిగాయి. ఒక బొద్దింక పరారీలో ఉంది." మధ్యమధ్యలో పాటలు. నేను నవ్వితే గోడ మీద బ్రష్‌తో దరువు వేసేవాడు.

నాన్న సమాధి దగ్గర నా మొహం చూడలేదు. నేను పక్కన నిలబడితే జరిగి నిలబడ్డాడు. మీ ప్రసంగం అవసరం లేదు పెదనాన్నా, అది చాలు నాకు.

తింటున్నాడా అని అడిగితే నీకెందుకు అన్నారు. సరే. ఇక అడగను.


జూన్ 25

అమ్మాయికి,

బలి ఇస్తున్నానా నేను? ఎవరి బిడ్డనో? ఆ మాట రాయడానికి కలం ఎలా కదిలింది?

విను. మూత దగ్గర ఎవరూ లేరు. మీ నాన్న ఒక్కడే వెళుతున్నాడు, ఒక్కడే దిగుతున్నాడు. నడుముకి తాడు లేదు. పైన మనిషి లేడు. మన ఇంట్లో అలాంటిది లేదంటూ నువ్వు అక్కడ పెట్టె మీద కూర్చున్నావు. ఇక్కడ అది రోజూ జరుగుతోంది! నేను సంఘంలో ఇద్దరు కుర్రాళ్ళని పంపాను. బకెట్టు విసిరి తరిమేశాడు. "మూత దగ్గర కూర్చోవడం మా అమ్మాయి పని. మీరెవరు?" అన్నాడట. నువ్వు తాడు దాచి ఆయన పని ఆపలేదు. ఉన్న ఒక్క ఆధారం తీసుకుపోయావు.

మొహం చూడలేదంటావు. మీ నాన్న ఎవరి మొహమూ చూడడం లేదు. అద్దంలో తన మొహం చూసుకుని గడ్డం కూడా గీసుకోవడం లేదు. నీ ఒక్కదానికే ఏదో అన్యాయం జరిగిపోయినట్టు మూలుగుతున్నావు. కొడుకు పోయింది ఆయనకి. పోగొట్టింది ఎవరు?

పోనీ, నిద్రపోలేదనుకుందాం. వాచ్‌మన్ కళ్ళు కాకులు పొడిచాయనుకుందాం. కళ్ళు మూసుకుని ఏం చేస్తున్నావు మరి? చెవిలో ఆ తీగ పెట్టుకుని పాటలు వింటున్నావా? ఎవడితోనైనా ఊసులా? ఫోన్ పారేసి ఊరు దాటిపోవాల్సినంత రహస్యం ఏముంది అందులో? సంఘంలో ఆడవాళ్ళు అప్పుడే చెవులు కొరుక్కుంటున్నారు. వాళ్ళ నోళ్ళు ఎలా మూయించాలో నాకు తోచడం లేదు. మూయించే మాట నీ దగ్గరుంటే ఇటు పడేయి. లేకపోతే నోరు మూసుకుని తాడు పంపు.

ప్రతి రహస్యమూ మేడ మీద నుంచి చాటబడే రోజు ఒకటుందని గుర్తుపెట్టుకో.

పెదనాన్న


జూన్ 29

పెదనాన్నా,

ఊసులా? ఎవడితోనైనానా?

సరే. మీరే అడిగారు. కుర్చీ లాక్కుని కూర్చోండి. సంఘంలో ఆడవాళ్ళకి కూడా చదివి వినిపించండి.

అవును, ఊసులే. మీరు పరిచయం చేసినాయనతోనే. రోజూ పన్నెండింటికి, కళ్ళు మూసుకుని.

మధ్యాహ్న మౌనం ఎవరు పెట్టారు? పన్నెండు కొట్టేసరికి ఎక్కడున్నవాళ్ళు అక్కడ, ఏ పనిలో ఉన్నవాళ్ళు ఆ పని ఆపి, కళ్ళు మూసుకుని, రెండో బెల్లు మోగేదాకా మాట్లాడకూడదని ఎవరన్నారు? నా ఫోన్‌లో, తమ్ముడి ఫోన్‌లో ఆ బెల్లు దగ్గరుండి ఎవరు పెట్టించారు? ఒకసారి మౌనంలో నేను కళ్ళు తెరిచి ఫక్కున నవ్వాను. గుర్తుందా? గుర్తుండదు. ఆరోజు నన్ను లేపి గోడవైపు తిప్పి, కూటం అయ్యేదాకా నిలబెట్టారు. "దేవుడికి కేటాయించిన ఆ కాస్త సమయంలో కళ్ళు తెరిచినవాళ్ళ కళ్ళెదుట చూడకూడనివే కనపడతాయి" అన్నారు. నాకు ఆ మాట బుర్రలో మేకులా దిగింది. ఆ తరవాత ఎప్పుడూ తెరవలేదు.

ఆరోజు నేనెందుకు నవ్వానో చెప్పనా? తమ్ముడు తట్టాడు. నా వెనక కూర్చుని బెంచీ మీద వేలితో ఒక్కసారి టక్‌మని తట్టాడు. వాడి అల్లరే అది. ఎక్కడైనా సరే, మౌనం మొదలైందంటే ఒక్కసారి తడతాడు. నేను నవ్వు ఆపుకోలేక చావాలి, దొరికిపోవాలి, అదీ వాడి సరదా. సంపులో ఉన్నప్పుడు కూడా అంతే. ఇంకోసారి తట్టావంటే పెదనాన్నకి చెప్పేస్తానని వార్నింగ్ ఇచ్చాను. ఆ వారంలోనే.

ఆ సంపు రెండు అరలది. వాడు లోపలి అరలో ఉన్నాడు. పాడుతున్నాడు. నేను వింటున్నాను. ఒక్క క్షణం కూడా చెవి తీయలేదు. ఇంతలో బెల్లు మోగింది, రెండు ఫోన్లూ నా పక్కనే మోగాయి. పాట ఆగింది. ఎందుకు ఆగిందనుకుంటాను పెదనాన్నా? పన్నెండైంది, ఆగింది. మన ఇంట్లో పుట్టినవాళ్ళెవరైనా ఏమనుకుంటారు? బయటివాళ్ళైతే పాట ఆగిందని తాడు లాగేవాళ్ళు. నేను కళ్ళు మూసుకున్నాను. తాడు చేతిలోనే ఉంది. నాన్న మోకాళ్ళ నొప్పి తగ్గాలని అడుగుతున్నాను.

మధ్యలో తట్టాడు. ఒక్కసారి. టక్‌మని.

అల్లరి అనుకున్నాను. నవ్వొచ్చింది. పెదవి కొరికి ఆపుకున్నాను. కళ్ళు తెరవలేదు. ఆ తరవాత ఇక తట్టలేదు. ఇవాళ రేడియో బుద్ధిగా ఉన్నాడే, నా వార్నింగ్ పనిచేసిందే అని మురిసిపోయాను. రెండో బెల్లు మోగాక పిలిచాను.

వాచ్‌మన్ అబద్ధం చెప్పలేదు. మీ తోటలో శిష్యులు నిద్రపోయారు, నేను ప్రార్థన చేశాను. ఎవరి పాపం పెద్దదో గ్రంథంలో వెతికి చెప్పండి.

సమాధి దగ్గర నేను నోరు విప్పలేదు. ఎందుకంటే నాన్నకి మీరూ మీ మౌనమూ తప్ప ఇంకేం మిగల్లేదనుకున్నాను. నిద్రపోయిన కూతురైతే తిట్టుకోవడానికి ఒక మనిషి ఉంటుంది. ప్రార్థన చేస్తుండగా పోయాడంటే ఎవరిని తిట్టుకుంటాడు? అందుకని పడ్డాను. మీరు పెట్టిన పేరు మోశాను. ఇప్పుడు మీరు ఊసులన్నారు, దించేస్తున్నాను.

ఫోన్ ఎందుకు పారేశానో అర్థమైందా? పన్నెండింటికి మోగుతుంది. ఆపడానికి చెయ్యి రాలేదు. ఇక్కడ ఆ సమయానికి ఇస్త్రీ గదిలోకి వెళ్ళిపోతాను. ఆవిరి బుస్సుమంటుంటే అందులో ఎవరు తట్టినా వినపడదు.

నాన్న ఒక్కడే దిగుతున్నాడని రాశారు. నన్ను రప్పించడానికి రాసిన మాటే అయితే మీ అంత దుర్మార్గులు ఇంకొకరు ఉండరు. నిజమైతే మీరు ఆపండి. మీకు ఎదురు చెప్పేవాళ్ళు ఎవరున్నారు అక్కడ? ఆపండి! నేను ఇంకో మూత దగ్గర కూర్చోలేను. రోడ్డు మీద మూత కనపడితేనే అవతలి వైపుకి దాటిపోతున్నాను.

మీ తమ్ముడి కూతురు


జూలై 2

నింద వేసేదానికి,

చదివాను. చించాను.

తప్పు నీది, మోసేది దేవుడా? మొదటి తోటలో మొదటి మనిషి కూడా ఇదే చేశాడు. పండు తిన్నది తను, వేలు చూపించింది పక్కకి. ముప్పై ఏళ్ళుగా ఈ సంఘం పన్నెండింటికి కళ్ళు మూస్తోంది. తాగుబోతులు మారారు, విడిపోయిన కాపురాలు కలిశాయి. ఆ మౌనం ఎవరినీ చంపలేదు. మౌనం కన్నా తాడు ముందని బుర్ర ఉన్నవాళ్ళకి తెలుస్తుంది, సంపు మీద కూర్చున్నదానికి వేరే చెప్పాలా? చెప్పాలా అని అడుగుతున్నాను!

చెప్పలేదు కాబట్టి నాది తప్పంటావు. నీ వాదన నాకు అర్థం కాలేదనుకోకు.

ఇంక నీకు రాయను.


జూలై 7

తల్లీ,

రాయనన్నవాడు మళ్ళీ రాస్తున్నాడు. నవ్వుకో. నవ్వడానికి టైము లేదు గానీ. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు. పాలవ్యాను డ్రైవరు చేతికిచ్చాను. వాడు మీ లాండ్రీ గుమ్మం ముందు ఇంజను ఆపకుండా నిలబడి ఉంటాడు. నిలబడే చదువు.

మొన్న ఆదివారం కూటం జరిగింది. పన్నెండు కొట్టింది. అందరూ కళ్ళు మూశారు. నాకు మూతపడలేదు. నీ ఉత్తరం చించినా బుర్రలోది చిరగలేదు. వేదిక మీద కళ్ళు తెరుచుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళలో మొదటిసారి నా సంఘాన్ని మౌనంలో చూశాను. టైర్ల కొట్టులో పనిచేసేవాడి భార్య వెనక బెంచీలో ఉంది. ఆవిడ చంటిపిల్ల ఒళ్ళోంచి జారి, నేల మీద పాక్కుంటూ తలుపు వైపు వెళుతోంది. తలుపు అవతల మెట్లు. తల్లి చెయ్యి చాపి నేల మీద తడుముతోంది. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకుని తడుముతోంది! పక్కనున్నవాళ్ళకి పిల్ల చప్పుడు వినపడుతూనే ఉంది, వాళ్ళ మొహాల్లో తెలుస్తోంది. ఒక్కరూ తెరవలేదు. దేవుడికి భయపడి కాదు. నాకు భయపడి.

నేను అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. బల్ల తన్నేసి, బెంచీల మీదుగా పడుతూ లేస్తూ వెళ్ళి మొదటి మెట్టు మీద పిల్ల కాలు పట్టుకున్నాను. అది నా మొహం చూసి గుక్కపెట్టింది. తల్లి అప్పుడు కళ్ళు తెరిచి, ముందు పిల్లని అడగలేదు. "క్షమించండి అయ్యగారూ, కదిలాను" అంది.

కదిలాను అంది, తల్లీ.

ఆ బెల్లు తీయించేశాను. అందరి ఫోన్లూ వేదిక మీద పెట్టించి ఒక్కొక్కటీ తీయించాను. ఇక మీదట ఎవడైనా పనిలో ఉండి కళ్ళు మూసుకుంటే నేనే వచ్చి చెంప పగలగొడతానని చెప్పాను. చేప పొట్టలో పడ్డవాడు మౌనంగా ఉన్నాడా? అరిచాడు. అరిచాడు కాబట్టే బయటపడ్డాడు. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళు చదివీ నాకు కనపడలేదు.

అక్కడి నుంచి నేరుగా మీ నాన్న దగ్గరికి వెళ్ళాను. నీ ఉత్తరంలో ఉన్నదంతా చెప్పాను, ఒక్క ముక్క దాచలేదు. అరుగు మీద కూర్చుని బ్రష్ కడుగుతున్నాడు. అంతా విని బ్రష్ అరుగు మీద పెట్టాడు. తరవాత అన్నాడు: "ఆ తట్టుడు వాడికి నేర్పింది నేనే అన్నయ్యా. నువ్వు ప్రార్థన చేయిస్తుంటే చిన్నప్పుడు నేను బల్ల కింద తట్టేవాణ్ణి. పిల్లలకి చెప్పి నవ్వించేవాణ్ణి."

ఇంకో మాట కూడా అన్నాడు. "అది నిద్రపోయే పిల్ల కాదని సమాధి దగ్గరే నీకు చెప్పాను. రెండుసార్లు చెప్పాను. నీకు వినపడలేదు. నువ్వు ప్రసంగంలో ఉన్నావు."

మరి పిల్ల మొహం ఎందుకు చూడలేదురా అని అడిగాను. "ఆరోజు దిగాల్సింది నేను. మోకాలు నొప్పని కొడుకుని పంపాను. ఏ మొహంతో చూడను?" అన్నాడు.

చూశావా, తల్లీ. నీది నువ్వు ఆవిరిలో దాచుకున్నావు. ఆయనది ఆయన సంపుల్లో దాచుకుంటున్నాడు. నాది నేను గొంతులో పెట్టి అరిచాను. ఎవరిది వాళ్ళు మోసుకుని తలో దిక్కుకీ పోతుంటే, మధ్యలో ఆ పిల్లవాడికి మనస్ఫూర్తిగా ఏడ్చినవాళ్ళే లేరు.

ఏడుపు తరవాత. ముందు ఈ రోజు సంగతి విను. మూసేసిన ఐస్ ఫ్యాక్టరీ వెనక పెద్ద సంపుంది. ఏళ్ళ తరబడి మూత తీయనిది. లోపల గాలి ఎలా ఉంటుందో నీకు నేను చెప్పక్కర్లేదు. మీ నాన్న దాన్ని ఒప్పుకున్నాడు. ఈ రోజే దిగుతానంటున్నాడు. ఒక్కడే. ఆపమన్నావుగా, ఆపాను. కాళ్ళ మీద పడ్డాను, నేను! తమ్ముడి కాళ్ళ మీద! పక్కకి జరిగి బకెట్టు తీసుకున్నాడు. నేను మూత దగ్గర కూర్చుంటానన్నాను. నిన్న ఒక చిన్న సంపు దగ్గర కూర్చున్నాను కూడా. లోపల ఆయన పాడుతున్నాడో, దగ్గుతున్నాడో, ఉన్నాడో పోయాడో నాకేం తెలుస్తుంది? స్లాబు మీద బోర్లా పడుకుని అరచెయ్యి ఆనించి, గోడ తట్టరా తమ్ముడూ, అదురు తెలుస్తుంది అని అరిచాను. తట్టలేదు. పైకి వచ్చాక "నీకు వినపడదు అన్నయ్యా, నీకెందుకు శ్రమ" అన్నాడు. వెక్కిరింపు కాదు. నిజమే చెప్పాడు.

మరి ఎవరుంటే పాడతావురా అని అడిగాను. ఆ కొత్త తాడు వైపు కూడా చూడలేదు. మీ హోటల్ ఉన్న ఊరికి పోయే రోడ్డు వైపు చూశాడు.

కాబట్టి నేను ఒక పని చేస్తున్నాను. ఈ ఉత్తరం వ్యానులో వేసి, వెళ్ళి ఆ ఐస్ ఫ్యాక్టరీ సంపు మూత మీద కూర్చుంటున్నాను. ఒడిలో గ్రంథం పెట్టుకుని, కళ్ళు తెరుచుకుని. దిగాలంటే నన్ను దాటి దిగాలి. అయితే మీ నాన్న సంగతి నీకు తెలుసు, చిన్నప్పుడే నన్ను బస్తాలా ఎత్తి అవతల పెట్టేవాడు. ఇప్పుడు నేను అప్పటికన్నా బరువున్నాను, అదొక్కటే నా ధైర్యం. ఎంతసేపు ఆపగలనో నాకు తెలియదు.

మూత దగ్గర కూర్చోలేనన్నావు. రోడ్డు మీద మూత కనపడితే దాటిపోతున్నానన్నావు. ఈసారి దాటకు. తాడు రెండు చేతులా పట్టుకుని కూర్చో. బురద గోతిలో కూరుకుపోయిన ఒక ప్రవక్తని పైకి తీసినవాడి కథ నీకెప్పుడూ చెప్పలేదు. ఎవడో పరాయివాడు, రాజుగారి కొలువులో నౌకరు. తాళ్ళు ఒక్కటే పట్టుకుపోలేదు వాడు. చింకిపాతలు కూడా ఏరుకుని పట్టుకుపోయాడు, తాడు ఒరుసుకోకుండా చంకల్లో పెట్టుకోమని పైనుంచి కేకేసి చెప్పాడు. మొన్న అది చదువుతుంటే తాడుకి నువ్వు చుట్టి కుట్టిన లుంగీ గుడ్డ కళ్ళముందు కనపడింది. ఆ గుడ్డ చుట్టిన చెయ్యి నిద్రపోయే చెయ్యి కాదు. ఈ మాట సమాధి దగ్గర అనాల్సింది. ఇప్పుడు అంటున్నాను. సంఘం ముందు కూడా అంటాను, నీ ఎదుటే, నిలబడి, గోడవైపు తిరిగి.

నన్ను క్షమించమని ఇప్పుడు అడగను. అడిగితే నువ్వు ఆలోచిస్తూ కూర్చుంటావు. దానికి టైము లేదు. తిట్టాలనుకుంటే వచ్చి తిట్టు, బిగ్గరగా తిట్టు, నా చెవికి అందేలా తిట్టు.

ఆ దుప్పటీ కొస ఇస్త్రీ అక్క చేతిలో పెట్టెయ్. పెట్టె తెరువు. తాడు తియ్యి. వ్యానెక్కు. దారిలో ఎక్కడా ఆగొద్దని వాడికి చెప్పాను, పాలు విరిగిపోతే పోనీ. దిగగానే ఫ్యాక్టరీ గేటు దగ్గర నుంచే కేక వెయ్యి, "నాన్నా, నేనొచ్చాను" అని. ఆయన నడుముకి నీ చేత్తో తాడు కట్టు. ఆ సంపు దిగాలా వద్దా అన్నది తండ్రీకూతుళ్ళు ఎదురుగా నిలబడి తేల్చుకోండి. దిగితే పాడమను. దిగకపోతే ముగ్గురం ఆ మూత మీదే కూర్చుని పిల్లవాడి కోసం ఏడుద్దాం.

రేపు కాదు. ఆదివారం కాదు. చదవడం ఆపి లే తల్లీ, ఇవాళే, ఇప్పుడే!

మూత మీద కూర్చున్న
పెదనాన్న